పదిహేను డిగ్రీల తేడా

మా నాన్న డీజిల్ ఇంజన్ల మెకానిక్. నెల్లిమర్ల చుట్టుపక్కల వరి చేలకు నీళ్లు తోడే ఇంజన్లతో పని మొదలుపెట్టాడు. చేలల్లోకి కరెంటు మోటార్లు వచ్చి ఆ పని తగ్గిపోయాక, భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో రేకుల షెడ్డు వేసుకుని పడవల ఇంజన్లు చూడడం మొదలెట్టాడు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాడు జాలరిపేటలో కుదురుకోవడం తేలిక కాదంటారు. నాన్నని మాత్రం అక్కడివాళ్లు తొందరగానే వరస కలిపేసుకున్నారు. నేను విజయనగరంలో డీజిల్ మెకానిక్ కోర్సు పిల్లలకి పాఠాలు చెబుతాను. ఆదివారం వస్తే కొత్తగా కడుతున్న ఎయిర్‌పోర్టు లారీల దుమ్ములో స్కూటీ నడుపుకుంటూ షెడ్డుకి వెళ్తాను.

ఇది వేసవిలో చేపల వేట మీద ఉండే నిషేధం ఎత్తేశాక, వానలు అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో జరిగింది.

నిషేధం ఉన్నన్నాళ్లూ పడవలు ఒడ్డు మీదే ఉంటాయి. ఇంజన్లు విప్పించి బాగుచేయించుకోవడానికి అదే అదను. ఆ ఏడు నాన్న చేతికి వచ్చిన ఇంజన్లలో ఒకటి షెడ్డుకి ఎదురు వీధిలో ఉండే ఒక పెద్దాయనది. నాన్న ఆయన్ని బావ అంటాడు. అందుకని నాకు ఆయన మావ, ఆయన భార్య అత్త. ఆయనకో ఫైబర్ పడవ ఉంది. దానికి ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను, దాని నుంచి నీళ్లలోకి పొడవాటి గొట్టం, గొట్టం చివర పంకా. బ్యాటరీ, సెల్ఫు లాంటివేమీ ఉండవు. హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాల్సిందే. నాన్న ఆ ఇంజను మొత్తం విప్పి, రింగులు, బేరింగులు మార్చి, గేర్లు కడిగి, మళ్లీ బిగించి ఇచ్చాడు.

మొదటి రోజు నుంచే అది మొండికేసింది. తెల్లవారుజామున ఒడ్డున ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు హ్యాండిల్ తిప్పితే, తెల్లటి పొగ కక్కి కక్కి ఎప్పటికో అందుకునేది. ఒకసారి వేడెక్కాక మాత్రం ఏ పేచీ లేదు. కొత్త రింగులు కదా, సిలిండరులో కుదురుకోవాలి, కొన్నాళ్లు ఓపిక పట్టమని నాన్న చెప్పాడు. అదేమీ అబద్ధం కాదు. కొత్త రింగులతో మొదట్లో అలాగే ఉంటుంది. కానీ రోజులు గడిచినా ఇంజను తీరు మారలేదు.

ఒక శనివారం సముద్రంలో వల లాగడానికి ఇంజను ఆపారు. అంతలో వాన పట్టింది. వల పడవలోకి వచ్చాక హ్యాండిల్ తిప్పితే ఇంజను పలకలేదు. మావ, ఆయన తమ్ముడు, ఇంకో మనిషి, ముగ్గురూ వంతులవారీగా తిప్పారు. తడిసిన చేతుల్లోంచి హ్యాండిల్ జారి మావ తమ్ముడి మణికట్టుకి కొట్టుకుంది. గాలి పడవని చంపావతి నది సముద్రంలో కలిసే మొగ వైపు, అలలు విరిగే చోటికి నెట్టుకుంటూ పోయింది. అటుగా వచ్చిన వేరే పడవవాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు.

మర్నాడు నేను వెళ్లేసరికి ఇంజను షెడ్డులో ఉంది. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చేపల బజారులో ఆవిడ గొంతు ఎత్తితే పక్క బుట్టలవాళ్లు బేరం ఆపేస్తారు. అలాంటి మనిషి ఆ రోజు మెల్లగా మాట్లాడింది. నాకు అందుకే ఎక్కువ భయం వేసింది.

"అన్నయ్యా, ఈ ఇంజనుని నమ్ముకుని ముగ్గురు మగోళ్లు సముద్రం మీదకి ఎల్తన్నారు. నీకు తెల్దేటి?" అంది.

నాన్న తలెత్తకుండానే డీజిల్ చిమ్మే నాజిల్ పోయి ఉంటుందన్నాడు. తను విజయనగరం వెళ్లి కొత్తది తెచ్చి మధ్యాహ్నానికల్లా బిగించి ఇస్తానన్నాడు. మావ ఆ పూటే వేటకి పోవాలని చూస్తున్నాడు. నిషేధం పొడుగునా ఖాళీగా కూర్చున్న ఇల్లు, చేప పడుతున్న రోజులు. ఆయన్ని ఆగమనడం ఎవరి తరమూ కాదు.

నాన్న బస్సెక్కి వెళ్లిపోయాక నేను ఆ ఇంజను ముందు కూర్చున్నాను. నాజిల్ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. నాజిల్ పాడైతే వేడెక్కాక కూడా నల్లపొగ వస్తూనే ఉండాలి. ఇదేమో చల్లగా ఉన్నప్పుడే ఏడిపిస్తోంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి పూట అంటుకోవడం లేదంటే, లోపల గాలి చాలినంత నలగడం లేదన్నమాట.

ఇంజనుకి కొట్టిన రేకు మీద కంప్రెషన్ పదిహేడు అని ఉంది. పిస్టన్ అట్టడుగు నుంచి పైదాకా వచ్చేసరికి గాలి పదిహేడో వంతు చోటులోకి కుదించుకుపోతుందని దాని అర్థం. కానీ నిజంగా జరిగేది అది కాదు. ఏటా పిల్లలకి ఇక్కడే అర్థమయ్యేలా చెప్పడానికి అవస్థ పడతాను. పిస్టన్ అడుక్కి వెళ్లి మళ్లీ పైకి తిరిగాక కూడా, గాలి లోపలికి వచ్చే వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నంతసేపూ నొక్కుడు ఉండదు. వాల్వు మూసుకున్న క్షణం నుంచే అసలు కంప్రెషన్ మొదలవుతుంది. ఆ వాల్వు ఎప్పుడు మూసుకోవాలో చెప్పేది క్యామ్‌షాఫ్ట్. కాబట్టి రేకు మీది అంకె ఎంతైనా, ఇంజను నిజంగా నొక్కేది ఎంత అని తెలియాలంటే ఆ మూసుకునే చోటు తెలియాలి. దాన్నే డైనమిక్ కంప్రెషన్ అంటాం.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సిగరెట్టు పెట్టెలోని పలచటి కాగితం ముక్కని వాల్వుకీ, దాన్ని నొక్కే రాకరుకీ మధ్య సందులో పెట్టాను. వాల్వు తెరుచుకుంటే కాగితం ఇరుక్కుంటుంది, మూసుకోగానే వదులవుతుంది. ఒక చేత్తో కాగితాన్ని మెల్లగా లాగి పట్టుకుని, రెండో చేత్తో ఫ్లైవీలు తిప్పాను. కాగితం జారిన చోట సుద్దముక్కతో గీత పెట్టాను. పిస్టన్ అట్టడుగున ఉన్నప్పటి గుర్తు నుంచి ఆ గీతదాకా దారం చుట్టి, ఫ్లైవీలు మొత్తం చుట్టుకొలతతో భాగించి, డిగ్రీలు లెక్కగట్టాను.

యాభై మూడు వచ్చింది. ఆ ఇంజను తయారుచేసినవాళ్ల లెక్క ప్రకారం ముప్పై ఎనిమిది రావాలి.

నా చేతి మీద నాకే నమ్మకం లేక మళ్లీ కొలిచాను. మళ్లీ అదే. వాల్వుకీ రాకరుకీ మధ్య ఉండే ఆ ట్యాపెట్ సందులో తేడా ఉందేమో చూశాను. సరిగానే ఉంది. అయినా ఆ సందు ఎక్కువైతే వాల్వు ముందే మూసుకుంటుంది గాని ఆలస్యం కాదు. క్యామ్ అరిగినా అంతే.

కాళ్ల దగ్గర నేల మీదే సుద్దతో లెక్క మొదలుపెట్టాను. స్ట్రోకు నూట పది మిల్లీమీటర్లు. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే చోటు, అదే కొలతలో చూస్తే, ఏడుకి కాస్త తక్కువ. వాల్వు ముప్పై ఎనిమిది దగ్గర మూసుకుంటే పిస్టన్‌కి నొక్కడానికి నూట ఒక్క మిల్లీమీటర్లు మిగులుతాయి. కంప్రెషన్ పదిహేనున్నర దాటుతుంది. యాభై మూడు దగ్గర మూసుకుంటే తొంభై మూడే మిగులుతాయి. పద్నాలుగున్నర. చేత్తో తిప్పే ఇంజనుకి ఆ ఒక్క అంకె చాలా పెద్దది. ఎండలో తెలియదు. చలిలో, వానలో, చేతులు అలిసిపోయాక తెలుస్తుంది.

పాత సామాను డబ్బాలో అదే రకం ఇంజనుది అరిగిపోయిన క్రాంకు గేరు, అంటే క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే గేరు, ఒకటి దొరికింది. పళ్లు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. చుట్టూ మూడువందల అరవై డిగ్రీలు, ఒక్కో పన్నుకి పదిహేను. ముప్పై ఎనిమిదికీ యాభై మూడుకీ తేడా పదిహేను.

క్యామ్‌షాఫ్ట్ గేరు ఒక పన్ను పక్కకి కూర్చుంది. క్రాంకు గేరు మీదా క్యామ్ గేరు మీదా చిన్న చుక్కలు కొట్టి ఉంటాయి. రెండూ ఎదురెదురుగా వచ్చేలా బిగించాలి. నాన్న బిగించినప్పుడు రాలేదు. డీజిల్ పంపుని కదిపేది కూడా ఆ క్యామ్‌షాఫ్టే కాబట్టి డీజిల్ కూడా ఆలస్యంగానే పడుతోంది. ఆ తెల్లపొగ అందుకే.

గేరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కొన్ని నెలలుగా చూస్తూ కూడా పట్టించుకోని సంగతులు గుర్తొచ్చాయి. సందులు కొలిచే ఫీలర్ గేజి మీది అంకెలు నన్ను చదవమనడం, సన్నటి పిన్నులు గుచ్చాల్సి వస్తే వెలుతురు చాలదని షెడ్డు బయటికి పోవడం, స్కూటీ మీద వస్తున్నది నేనేనని గొంతు వినేదాకా పోల్చుకోకపోవడం. వయసు కదా అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

నాన్న నాజిల్‌తో తిరిగొచ్చేసరికి ఎండ మాడుతోంది. మావ కూడా వెనకే వచ్చి బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. నాన్న మంచినీళ్లు తాగేదాకా ఆగి, లోపలికి తీసుకెళ్లి విషయం చెప్పాను. నేల మీది సుద్దలెక్క చూపించాను. ఆయన దానివైపు చూడలేదు.

"గుర్తు మీద గుర్తు ఎట్టే బిగించినాను. నువ్వు పుట్టకముందు నుంచీ బిగిస్తన్నాను. నా సెయ్యి తప్పిందంటావేటి?"

"సెయ్యి కాదు నాన్నా," అన్నాను. "కళ్లు."

ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండుననిపించింది. కొత్త నాజిల్ పొట్లం విప్పి, దానిమీద అంటిన గ్రీజు తుడిచి, ఇంజను దగ్గర కూర్చుని బిగించడం మొదలుపెట్టాడు. స్పానరు నట్టు మీద పడడానికి ముందు ఎడమచేతి వేళ్లతో తడుముకోవడం అప్పుడు నేను స్పష్టంగా చూశాను. నేను చూస్తున్నానని ఆయనకీ తెలుసు.

బిగించడం అయ్యాక మావ లోపలికి వచ్చి హ్యాండిల్ పెట్టాడు. రేకుల కింద వేడికి ఇంజను ఒళ్లు కాలుతోంది. రెండో తిప్పుకే అందుకుంది. షెడ్డంతా దడదడలాడింది. మావ మొహం విప్పారింది. ఆ వేడిలో స్టార్టు కాకపోతేనే ఆశ్చర్యం.

ఇంజను ఆపాక, నాన్న అక్కడ ఉండగానే, మావకి చెప్పేశాను. ఈ పూట సముద్రం మీదకి తియ్యొద్దని, గేర్ల మూత విప్పి చూద్దామని, ఒక్క రోజు ఆగమని. చల్లబడితే మళ్లీ స్టార్టు కాదని కూడా చెప్పాను. మావ నన్ను చూసి, నాన్నని చూశాడు.

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఇంజను స్టార్టయిందని, ఆపైన బావ ఇష్టమని అన్నాడు.

"సదువుకున్న పిల్లవి, నీ లెక్క నీకుంటాది," అన్నాడు మావ నాతో. "నాకు మీ అయ్య సెయ్యే లెక్క."

ఇంజనుని బొంగుకి కట్టి ఇద్దరు మోసుకుపోయారు. నాన్న కూడా వాళ్ల వెనకే ఒడ్డుదాకా వెళ్లాడు. నేను షెడ్డులోనే ఉండిపోయాను. కాసేపటికి పడవ అలలు దాటుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అది కూడా వినిపించలేదు.

పొద్దు వాలుతుండగా దక్షిణం నుంచి మబ్బు ఎక్కింది. నేను ఒడ్డుకి వెళ్లేసరికి గాలి తిరిగి ఉంది. అంతకుముందు పోయిన పడవలు ఒక్కొక్కటే వచ్చేస్తున్నాయి. వచ్చినవాళ్లని అడిగితే, మావ పడవ ఇంకా లోతుకి పోయి వల వేసిందని చెప్పారు. వాన మొదలైంది. నాన్న నీళ్ల అంచున, లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు ఇస్తే తీసుకోలేదు. అత్త వచ్చి మాకు కాస్త దూరంలో, బోర్లించిన పడవ పక్కన కూర్చుంది. మావ ఫోను కలవలేదు. అంత దూరంలో కలవదని తెలిసి కూడా అత్త నొక్కుతూనే ఉంది.

చాలాసేపటికి నాన్న నా పక్కకి వచ్చాడు.

"ఎన్ని డిగ్రీలన్నావు?"

చెప్పాను. తడి ఇసుకలో పుల్లతో గుండ్రం గీసి, పిస్టన్ అడుగున ఉండే చోటు, వాల్వు మూసుకోవాల్సిన చోటు, మూసుకుంటున్న చోటు చూపించాను. పాత గేరు పళ్లు లెక్కపెట్టానని, ఒక పన్నుకి పదిహేను వస్తుందని చెప్పాను. ఈసారి ఆయన కిందికి వంగి, మొహం ఇసుకకి దగ్గరగా పెట్టి చూశాడు. వాన ఆ గీతల్ని చెరిపేస్తుంటే మళ్లీ గియ్యమన్నాడు. గీశాను.

"ఆ పూట కరెంటు నేదు," అన్నాడు కొంచెం ఆగి. "గోటితో తడిమినాను. చిన్న గుంట తగిలినాది. అదే చుక్క అనుకున్నాను."

తుప్పు తిన్న గుంట అయి ఉంటుంది. ఉప్పుగాలిలో తిరిగే ఇంజన్ల గేర్ల మీద అలాంటివి మామూలే. అత్త అన్నీ వింటూనే ఉంది. లేచి మా దగ్గరికి వచ్చింది. నాన్నని ఏమంటుందోనని చూశాను. ఆవిడ నాన్న వైపు చూడనైనా లేదు, సముద్రం వైపే చూస్తూ, "మనిషి రానీ ముందు," అంది.

మిగిలిన పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఒక పడవవాళ్లు మళ్లీ బయల్దేరి వెతుకుతామని తాళ్లు సర్దుకుంటున్నారు. నాన్న తనూ ఎక్కుతానన్నాడు. ఆయనకి ఈత రాదు. వద్దని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. మాకంటే ముందు నాన్నకే వినిపించింది. అది ఆ ఇంజనేనని ఆయన చెప్పాక కూడా, చీకటి కమ్ముకొస్తున్న వానలో పడవ మా కంటికి ఆనడానికి చాలాసేపు పట్టింది.

పడవ ఇసుకని తాకగానే ఒడ్డున ఉన్నవాళ్లు నీళ్లలోకి దూకి లాగారు. మావ దిగి నిలబడలేక పడవ అంచు పట్టుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కిపోయి ఉన్నాయి. అత్త ఆయన తల మీద తన కొంగు వేసి తుడుస్తూ తిడుతోంది, ఏడుస్తోంది. వానలో ఇంజను చల్లబడి మళ్లీ మొరాయించిందని, తిప్పి తిప్పి ముగ్గురూ పడిపోయారని ఆయన రొప్పుతూ చెప్పాడు. చెబుతూ నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్విచ్చిన సీసా గేపకం వచ్చినాది బావ. పోసినాం. అప్పుడు అందుకున్నాది."

ఏ సీసా అని అడిగాను. పడవ తోసేముందు నాన్న ఒక చిన్న సీసాలో ఇంజన్ ఆయిలు పోసి ఇచ్చాడట. నడిమధ్యలో స్టార్టు కాకపోతే గాలి పీల్చే గొట్టంలో రెండు చెంచాలు పోసి, ఆ వెంటనే తిప్పమన్నాడట. ఆ ఆయిలు పిస్టన్ చుట్టూ ఉన్న సందులు మూసేస్తుంది, లోపలి చోటుని కాస్త తగ్గిస్తుంది. తక్కువైన కంప్రెషన్ ఆ నాలుగు తిప్పుళ్లకి పెరుగుతుంది. పాతకాలం పొలం ఇంజన్లకి అందరూ చేసే పనే. కానీ కంప్రెషన్ తక్కువని నమ్మనివాడు ఆ సీసా ఇవ్వడు. షెడ్డులో నామీద కోపంతో మాట్లాడకుండా నాజిల్ బిగించిన మనిషి, ఒడ్డుదాకా నడిచేలోపు నా లెక్కని మనసులో వేసుకుని చూసుకున్నాడన్నమాట. మరి పడవని ఎందుకు ఆపలేదని ఆ రాత్రి అడగాలనిపించింది. అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు నేను సెలవు పెట్టాను. పొద్దున్నే మావని, ఆయన తమ్ముడిని పిలిపించి, వాళ్లు చూస్తుండగా నాన్న గేర్ల మూత విప్పాడు. గేర్లు తుడిచి నన్ను చూడమన్నాడు. క్రాంకు గేరు చుక్కకి ఎదురుగా క్యామ్ గేరు మీద తుప్పు గుంట ఉంది. అసలు చుక్క దాని పక్క పన్ను మీద ఉంది.

నేను చెప్పేలోపే నాన్న మావ వైపు తిరిగాడు. "తప్పు నాదే బావ. నాకు కనపడ్నేదు. కనపడ్నేదని సెప్పడానికి సిగ్గేసినాది."

ఆయన తమ్ముడు వాచిన మణికట్టు నిమురుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. మావ, ఇంజన్లు తరవాత చూడొచ్చని, ముందు కళ్లు చూపించుకోమని కసురుకున్నట్టు అన్నాడు. నాన్న గేరు నా చేతిలో పెట్టాడు. నేను చుక్కలు కలిపి బిగించాను. మళ్లీ కాగితం పెట్టి కొలిస్తే ముప్పై ఎనిమిదికి ఒక డిగ్రీ అటూ ఇటూగా వచ్చింది. వాన వెలిసిన ఆ చల్లటి పొద్దుటి పూట, ఇంజను మూడో తిప్పుకి అందుకుంది.

అంతటితో అంతా సర్దుకుందని చెప్పలేను. ఆ వర్షాకాలమంతా అత్త నాన్నతో మాట్లాడలేదు. మావ తమ్ముడు తనకి విడిగా ఉన్న చిన్న పడవ ఇంజనుని భీమిలి వైపు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. మావ మాత్రం ఎప్పటిలాగే వచ్చి వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకుని పోయేవాడు.

నాన్నకి రెండు కళ్లలోనూ శుక్లాలు. విజయనగరంలో ఆపరేషన్ చేయించాం. మొదటి కంటికి కట్టు విప్పిన రోజు డాక్టరు ఎదురు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. నాన్న చదివాడు. తర్వాత పక్కనే నిలబడ్డ నా వైపు తిరిగి, రెండో కన్ను మూసుకుని, చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

"నీకు తెల్ల ఎంట్రుకలు ఎప్పుడొచ్చినాయే?" అన్నాడు.